కాలువ గట్టు నందివర్ధనం

పోయిన నెల పంటి నొప్పితో నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. లోపల కుర్చీలన్నీ నిండిపోయి ఉంటే బయట మెట్ల మీద కూర్చున్నాను. ప్రహరీ గోడ పొడవునా నందివర్ధనం మొక్కలు వరసగా పెట్టారు. పెట్టినవాళ్లు బాగానే పెట్టారు కానీ పెంచేవాళ్లకు కత్తెర ఒక్కటే తెలిసినట్టుంది. మొగ్గ వేసే చిగుళ్లన్నీ ఎప్పటికప్పుడు కత్తిరించేసి, మొక్కల్ని చదరంగా గోడకట్టినట్టు నిలబెట్టారు. అంత పచ్చదనంలోనూ పువ్వన్నది లేదు. వెతగ్గా వెతగ్గా అడుగున, గోడవైపు, కత్తెరకు అందని చోట ఒక్కటి పూసి ఉంది. ఈ వయసులో ఇదేం పని అనుకుంటూనే వంగి కోశాను. తొడిమ నుంచి తెల్లటి పాలు కారి వేళ్లకు అంటుకున్నాయి. ఆ జిగురు తగలగానే పంటి నొప్పి సంగతే మర్చిపోయాను. ఇంతలో లోపలి నుంచి నా పేరు పిలిచారు.

చిన్నప్పుడు మేం బోధన్ దగ్గర ఒక క్యాంపులో ఉండేవాళ్లం. కోస్తా జిల్లాల నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్నవాళ్ల ఊళ్లను అక్కడ క్యాంపులంటారు. తాతల నాడు వచ్చి, ఇళ్లు కట్టుకుని, పిల్లల్ని కని, ముసలివాళ్లయిపోయినా అది క్యాంపే. మా తాత ఆ నేలలోనే కలిసిపోయాడు. నేను ఆ నేల మీదే పుట్టాను. ఇంట్లో నాయనమ్మ, నాన్న, అమ్మ, నేను. నాయనమ్మ పెరట్లో గోంగూర, దొడ్డి నిండా గేదెలు, చుట్టూ చెరకు తోటలు. ఆ తోటలు ఎత్తుగా పెరిగాక మా ఊరు బయటివాళ్లకు కనపడేది కాదు.

కార్తీకం వచ్చేసరికి చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడటం మొదలయ్యేది. తెల్లవారుతుండగా భోంగా, అంటే ఫ్యాక్టరీ సైరన్, కూసేది. గాలి మావైపు తిరిగితే చెరకు మడ్డి వాసన ఊరి మీద పడేది. తియ్యగా ఉంటూనే పులిసిపోయిన వాసన. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. మాకు మాత్రం అది రాని రోజున ఏదో వెలితిగా ఉండేది. రోడ్డు పొడవునా చెరకు బండ్లు నిలబడి ఉండేవి. పిల్లలం వెనకనుంచి నక్కి వెళ్లి గడలు లాక్కునేవాళ్లం. బండివాళ్లు చాలామంది సరిహద్దు అవతలివాళ్లు కాబట్టి ముందు కూర్చునే మరాఠీలో తిట్టేవాళ్లు. ఆ తిట్లు మాకు అర్థం కాకపోవడం అందరికీ కలిసొచ్చింది.

నాయనమ్మకు దేవుడి మీద భక్తి ఎంతో, పేచీ అంత. పూజ గదిలో ఆమె మాటలు వింటే పక్కింటివాళ్లతో గట్టు తగాదా పడుతోందనుకునేవాళ్లు. శివుడికి తెల్లపూలంటే ఇష్టమని, అందులోనూ అయిదు రేకల నందివర్ధనమంటే మరీ ఇష్టమని ఆమె గట్టి నమ్మకం. ఒక్కో రేకకు ఒక్కో అక్షరం చొప్పున పువ్వు మొత్తం ఒక పంచాక్షరి అనేది. ముద్ద నందివర్ధనం ఎంత అందంగా ఉన్నా ఆమెకు పనికిరాదు, రేకలు ఎక్కువైతే మంత్రం తప్పుతుందని. ఆ యేడు కార్తీకంలో నెల పొడుగునా రోజూ ఆ పూలతో పూజ చేస్తానని శివుడికి మొక్కుకుంది. అమ్మకు ఏడో నెల. ఈసారి బిడ్డ బతికి బట్టకట్టాలన్నది మొక్కు.

ఈసారి అని ఎందుకన్నానంటే, అంతకు రెండేళ్ల ముందు ఎండాకాలంలో అమ్మ బోధన్ ఆసుపత్రిలో ఒక మగబిడ్డను కన్నది. నాకు తమ్ముడొచ్చాడని చెప్పి క్యాంపంతా పటికబెల్లం పంచారు. నేను నా లక్కపిడతలు కడిగి వాడి కోసం విడిగా పెట్టాను. వాడు ఇంటికి రాలేదు. ఒకరోజు మధ్యాహ్నం నాన్న ఒక్కడే వచ్చి, నేరుగా బావి దగ్గరికి పోయి, బట్టలతోనే తల మీద నీళ్లు కుమ్మరించుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత అమ్మ వచ్చింది. పాలు ఆగడానికి నాయనమ్మ ఆమె రొమ్ముకు మల్లెపూలు పెట్టి గుడ్డ కట్టేది. మధ్యాహ్నానికి ఆ పూలు వాడి నల్లబడితే తీసి కొత్తవి పెట్టేది. ఆ ఎండాకాలం మా ఇంట్లో మల్లెలు ఎవరూ తలలో పెట్టుకోలేదు.

మావాళ్లలో ఒక పద్ధతి ఉండేది. పళ్లు రాని బిడ్డ పోతే ఆడవాళ్లు వెంట వెళ్లరు. ఎక్కడ పెట్టారని అడగరు. మగవాళ్లు చెప్పరు. దినం లేదు, పిండం లేదు, తద్దినం లేదు. అడిగితే బిడ్డ మనసు వెనక్కి లాగుతుందని, అదే కడుపున పడి మళ్లీ పోతుందని చెప్పేవాళ్లు. అమ్మ అడగలేదు. నాయనమ్మా అడగలేదు. అడగకూడదని అందరికీ తెలుసు కాబట్టి, అడగకుండా ఉండటానికి అమ్మ ఎంత కష్టపడుతోందో ఎవరూ పట్టించుకోలేదు. నాన్న పొలం నుంచి వచ్చినప్పుడల్లా ఆయన చెప్పులకు అంటిన మట్టి వైపు చూసేది. అది ఎక్కడి మట్టో చూసేదని నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది.

ఇక పూల సంగతి. క్యాంపులో మందారాలకు, గన్నేర్లకు కొదవ లేదు. అయిదు రేకల నందివర్ధనం మాత్రం ఒక్కచోటే ఉండేది. ఊరు దాటాక కాలువ గట్టు మీద, తూము పక్కన లష్కర్ ఉండే చిన్న ఇల్లు. తూములు ఎత్తడం, దించడం, ఎవరూ గట్టుకు గండి కొట్టకుండా చూడటం లష్కర్ పని. అతని భార్యది ధర్పల్లి దిక్కు పుట్టిల్లు, పసుపు పండించే కుటుంబం. మా అమ్మ కంటే కాస్త పెద్దది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె ఇంటి వెనక, గట్టు దిగువన ఆ చెట్టు ఉండేది.

చెట్టంటే చెట్టేం కాదు, పొద. నాకంటే కొంచెం ఎత్తు. కానీ ఆ పూత నేను మరెక్కడా చూడలేదు. మంచులో కాలువా, గట్టూ, ఇల్లూ ఏదీ కనపడకముందే ఆ తెలుపు కనపడేది. పూలు గాలిలో నిలబడి ఉన్నట్టుండేవి. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని ఆ తెలుపును బట్టే దారి నడిచేది. నాకు భయమేసి ఆమె కొంగు ముఖం మీదికి లాక్కునేదాన్ని.

నాయనమ్మ అంతకుముందు వానాకాలంలో ఆ చెట్టు కొమ్మలు తెచ్చి మా పెరట్లో నాటింది. రెండు మూడు చిగురు వేసి కుళ్లిపోయాయి. ఒకటి బతికింది కానీ సన్నగా సాగి ఊరుకుంది, పూత లేదు. ఆ మాట చెబితే లష్కర్ భార్య నవ్వి, మా పెరట్లో మామిడి నీడ పడుతుందని, దీనికి పొద్దంతా ఎండ కావాలని చెప్పింది. "నీళ్లు తాగాలె గని నిలువొద్దమ్మా. నిలవడ్తె ఏర్లు మురుగుతయి" అంది. కాలువ పక్కన ఊట ఎక్కువ కాబట్టి చెట్టు చుట్టూ రాళ్లు పేర్చి, ఎర్రమట్టి, ఒండ్రు పోసి పొడుగ్గా గద్దె కట్టింది. వానలు వెనకబట్టాక కొసలు గిల్లుతుందట, అప్పుడు పక్క కొమ్మలు వేసి గుబురుగా పూస్తుందట. నాయనమ్మ శ్రద్ధగా విని, ఇంటికొచ్చి, ఏమీ చెయ్యకుండా మా మొక్కను తిట్టేది.

లష్కర్ భార్య పద్ధతులు కొన్ని వింతగా ఉండేవి. గద్దె దగ్గరికి వచ్చేముందు చెప్పులు విప్పమనేది. దేవుడి పూల మీద ఇంత గౌరవం మన క్యాంపులో ఒక్కరికైనా ఉందా అని నాయనమ్మ మురిసిపోయేది. మేం పూలు కోస్తున్నంతసేపూ ఆమె తల మీద కొంగు వేసుకుని పక్కన నిలబడేది. తను ఒక్క పువ్వూ కోసేది కాదు. చెట్టు మొదట్లో చిన్న గిన్నెలో పాలు పెట్టి ఉండేవి. నాగుల చవితి వెళ్లిన కొత్తలు కాబట్టి పాముకు పెట్టిందనుకున్నాం. వీళ్లకు నాగపంచమి శ్రావణంలోనే అయిపోతుందిగా అని నాయనమ్మ దారిలో ఒకసారి అంది. అంతటితో వదిలేసింది.

నందివర్ధనం పువ్వును తుమ్మ ముల్లుకు గుచ్చి పరిగెడితే గిరగిర తిరుగుతుంది. దాని పాలతో చేతి మీద రాసి దుమ్ము చల్లితే అక్షరాలు నల్లగా లేస్తాయి. బడిలో మా పంతులమ్మ మీద మేం రాసిన సాహిత్యమంతా ఆ పాలతో రాసిందే. ఒకరోజు ఆ పాల కోసం చెట్టు కొమ్మ ఒకటి విరవబోయాను. లష్కర్ భార్య గబుక్కున నా మణికట్టు పట్టుకుంది. తిట్టలేదు. "ఇర్వకు బిడ్డా, వద్దు" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకు చచ్చేంత సిగ్గేసింది. కొమ్మకు ఏడ్చేవాళ్లుంటారా అని ఆ రోజంతా ఆలోచించాను.

ఇంటికి తెచ్చిన పూలలో శివుడికి పెట్టగా కొన్ని మిగిలేవి. అమ్మకు అప్పట్లో కళ్లు మండేవి. ఏడ్చి మండేవో, నిద్రలేక మండేవో ఎవరూ అడగలేదు. నందివర్ధనం కళ్లకు చలవ అని నాయనమ్మ మధ్యాహ్నం పూట అమ్మను పడుకోబెట్టి, మిగిలిన పూలను తడిపి మూసిన రెప్పల మీద పరిచేది. పైన తడిగుడ్డ కప్పేది. అమ్మ కదలకుండా పడుకునేది, చేతులు పొట్ట మీద పెట్టుకుని. ఆ పూలు పెట్టినప్పుడే తనకు నిద్ర పడుతోందని ఒకరోజు అంది. అందుకని నాయనమ్మ మర్నాటి నుంచి ఇంకో గుప్పెడు ఎక్కువ కోసింది.

కార్తీకం చివరికి వచ్చింది. ఒకనాటి పొద్దున బుట్ట నింపుకుని బయలుదేరబోతుంటే లష్కర్ భార్య నాయనమ్మను ఆగమంది. కోడలి ఒంట్లో ఎలా ఉందని అడిగింది. బాగానే ఉందని నాయనమ్మ చెప్పింది. ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, "నువ్వు దినాం వస్తున్నవమ్మా. తల్లి ఒక్కసారన్న రాకపాయె. ఆమెను గూడ తోల్కరారాదు, బిడ్డకాడికి" అంది.

"ఏ బిడ్డ?" అంది నాయనమ్మ.

లష్కర్ భార్య చెట్టు వైపు చూసింది, నాయనమ్మ వైపు చూసింది. ఆమె ముఖం పాలిపోవడం ఆ మంచులో కూడా నాకు కనిపించింది.

"నీకు ఎర్కలేదా అమ్మా? మీ కొడుకు, మా ఆయన గల్సి బిడ్డను గీడనే పెట్టిండ్రు. వానలు వడ్తె ఆనవాలు పోతదని, నక్కలు తోడ్తయని నేనే గీ కొమ్మ వెట్టిన. అందరి ఇండ్లు దాటి నువ్వు గింత దూరం వస్తుంటె, మనుమని కోసమే అనుకున్న."

నాయనమ్మ బుట్ట పడెయ్యలేదు. అరవలేదు. గద్దె రాయి మీద పెట్టిన కాలు మాత్రం మెల్లగా వెనక్కి తీసుకుంది. నేను ఆ రాళ్ల వరస వైపు చూశాను. అది గద్దె కాదని, పొడుగ్గా ఎందుకుందో అప్పుడు అర్థమైంది. ఆ చెట్టు అంతలా ఎందుకు పూస్తుందో అన్న ఆలోచన కూడా వచ్చింది. ఆ వయసులో పిల్లకు రాకూడని ఆలోచన అది, ఇప్పటికీ ఆ పువ్వును చూస్తే ముందు అదే వస్తుంది.

దారిలో నాయనమ్మ తూము మీద కూలబడింది. ఒళ్లో బుట్ట. దేవుడికి పెడదామా అంటే చేతులు రావు. కాలువలో వేద్దామా అంటే అదీ రావు. చివరికి తనలో తను అనుకుంటున్నట్టు, పోయిన బిడ్డ పూలతో పుట్టబోయే బిడ్డ కోసం మొక్కాను, ఇప్పుడు ఏ బిడ్డకు అపకారం చేశానో అంది. ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదలు. అంతవరకూ దేవుడితో దెబ్బలాడటమే చూశాను.

ఇంటికి వచ్చాక నాన్నను దొడ్లోకి పిలిచి అడిగింది. నాన్న ఒప్పుకున్నాడు. ఆసుపత్రి నుంచి బిడ్డను గుడ్డలో చుట్టుకుని వస్తుంటే ఎక్కడ పెట్టాలో తోచక కాలువ గట్టున నిలబడ్డాడట. గట్టు కోసుకుపోతుందని, తన ఇంటి వెనకైతే తన కంట ఉంటుందని లష్కరే చోటు చూపించాడట, తనే తవ్వాడట. నాన్న తర్వాత అటు వెళ్లలేదు. పొలానికి కూడా చుట్టు తిరిగి వేరే దారిన పోయేవాడు. ఇప్పుడు మాత్రం అమ్మకు చెప్పొద్దన్నాడు. నెలలు నిండుతున్న మనిషి, విని కళ్లు తిరిగి పడిపోతే ఎవరిది పూచీ అన్నాడు. నాయనమ్మ సరేనంది. నన్ను కూడా నోరు మూసుకోమన్నారు.

మర్నాటి నుంచి పూజకు మందారాలు వచ్చాయి. అమ్మ రెండు రోజులు ఊరుకుంది. మూడోనాడు నందివర్ధనాలు తేవడం లేదేం అత్తయ్యా అని అడిగింది. చెట్టుకు పురుగు పట్టిందని నాయనమ్మ చెప్పింది. ఆ రాత్రుళ్లు అమ్మ మళ్లీ నిద్రపోలేదు. కడుపుతో ఉన్న మనిషి, వాకిట్లో అటూ ఇటూ నడుస్తుంటే పట్టీల చప్పుడు వినపడేది. నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకునేది కానీ ఆమెకూ నిద్ర లేదని నాకు తెలుసు, నేను ఆమె పక్కనే పడుకునేదాన్ని కాబట్టి.

అప్పుడు లష్కర్ భార్య మా ఇంటికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. మోదుగాకు దొన్నె నిండా నందివర్ధనాలు పట్టుకుని గేటు అవతల నిలబడింది. అమ్మ లోపల జొన్నలు చెరుగుతోంది. నాయనమ్మ ఆ వయసులో అంత వేగంగా నడవడం నేను చూడలేదు, గేటు దగ్గరికి పోయి అడ్డంగా నిలబడింది. తను అన్న మాటకు కోపమొచ్చి రావడం మానేశారేమోనని లష్కర్ భార్య అనుకుందట. తప్పుగా ఏమన్నా అంటే మనసులో పెట్టుకోవద్దని, చిన్న గొంతుతో చెప్పింది. తను ఇన్నాళ్లూ ఒక్క పువ్వు కోయలేదని, ఇవాళ మాత్రం వాటికోసం ఎవరూ రాక అట్లాగే రాలిపోతుంటే చూడలేక కోసుకొచ్చానంది.

నాయనమ్మ దొన్నె తీసుకుంది. పూజ గదిలోకి పోలేదు, పెరట్లోకీ పోలేదు. దండెం కింద నులక మంచం మీద దాన్ని ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంది. భోజనానికి రమ్మంటే రాలేదు. పూలు అంచుల నుంచి గోధుమరంగుకు తిరిగి, ముడుచుకుని, దొన్నెకు అంటుకుపోయాయి. అవి అట్లా అయిపోయేదాకా చూసి లేచింది.

మర్నాడు కార్తీకంలో చివరి సోమవారం. నాయనమ్మ తెల్లవారుతూనే అమ్మను లేపి, తలంటి, ఉతికిన చీర కట్టుకోమంది. ఎక్కడికని అమ్మ అడగలేదు. నాన్నకు అర్థమై గుమ్మంలో అడ్డం వచ్చాడు. నాయనమ్మ ఆయన ముఖంలోకి చూసి మెల్లగానే అంది.

"నువ్వు మోసుకెళ్లావు, పెట్టొచ్చావు. నీకు చోటు తెలుసు. అది కన్నది రా. దానికి తెలియకుండా నేనిక ఏ దేవుడికీ దణ్ణం పెట్టలేను."

నాన్న పక్కకు తప్పుకున్నాడు. మా వెంట రాలేదు.

ముగ్గురం గట్టు మీద నడిచాం. మంచు బాగా పట్టింది. ఫ్యాక్టరీ భోంగా అప్పుడే కూసింది. నీళ్ల మీంచి ఆ కూత రెండుసార్లు వినపడేది, ఒకటి అటు నుంచి, ఒకటి కింద నుంచి. తెలుపు కనపడగానే అమ్మ నడక ఆగింది. నాయనమ్మ ఏదో చెప్పబోతే అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపింది. ఎప్పుడు అర్థమైందో, ఎంత అర్థమైందో నాకు తెలియదు. చెప్పులు విప్పమని ఎవరూ అనకముందే విప్పింది.

లష్కర్ భార్య గిన్నెలో పాలు తెచ్చి పెడుతోంది. మమ్మల్ని చూసి లేచి పక్కకు జరిగింది. "ఇక్కడే పెట్టారంటమ్మా. నాకూ మొన్ననే తెలిసింది" అంది నాయనమ్మ. అమ్మ చెట్టు ముందు మెల్లగా కూర్చుంది. ఏడుస్తుందని, పడిపోతుందని నాయనమ్మ చేతులు చాపి వెనక నిలబడే ఉంది. అమ్మ ఏడవలేదు. చాలాసేపు ఆ రాళ్లవైపు, ఒక్కొక్క రాయినీ విడిగా చూస్తున్నట్టు చూసింది. తర్వాత లష్కర్ భార్య వైపు తల ఎత్తింది.

"తల ఎటు?" అని అడిగింది.

"గిటు. మీ ఇంటి దిక్కు" అంది ఆమె.

అమ్మ కూర్చున్నది కాళ్ల వైపు. చేతులు నేలకు ఆన్చి, ఆ పెద్ద పొట్టతో, నాయనమ్మ ఇచ్చిన చెయ్యి పట్టుకోకుండా తనే లేచింది. గద్దె చుట్టూ తిరిగి అవతలివైపు వెళ్లి కూర్చుంది. రాలిన పూలను పక్కకు జరిపి, మట్టి మీద అరచెయ్యి ఆనించి, నెమ్మదిగా తట్టడం మొదలుపెట్టింది. ఊయల్లో బిడ్డను జోకొట్టినట్టే తట్టింది. లష్కర్ భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి పోయింది. నేను నాయనమ్మ చీర కుచ్చిళ్లలో ముఖం దాచుకున్నాను. ఎండ పైకి వచ్చి మంచు విడిపోయేదాకా అమ్మ చెయ్యి ఆగలేదు.

నాయనమ్మ తెచ్చిన బుట్ట ఖాళీగానే ఇంటికి వచ్చింది. చివరి సోమవారం పూజ జరగలేదు. మొక్కు అంతటితో ఆగిపోయింది. సాయంత్రం దీపం మాత్రం పెట్టి, నా వల్ల అయింది చేశాను, మిగిలింది నువ్వు చూసుకో అని శివుడితో చెప్పి తలుపు వేసేసింది. మాఘమాసంలో తమ్ముడు పుట్టాడు. క్యాంపంతా వినపడేలా ఏడ్చాడు. ఈసారి అమ్మ, వాణ్ని చూడటానికి వచ్చిన వాళ్లలో లష్కర్ భార్యకు అందరికంటే ముందు ఎత్తుకోమని ఇచ్చింది. మా వాళ్లు కొందరు ముఖాలు చిట్లించుకున్నారు. అమ్మ పట్టించుకోలేదు.

నేను పెద్ద చదువుకు వచ్చేవరకూ మేం క్యాంపులోనే ఉన్నాం. అమ్మ రోజూ ఆ గట్టుకు వెళ్లివచ్చేది. తర్వాత పొలం కౌలుకిచ్చి నిజామాబాద్ వచ్చేశాం. నాయనమ్మ పోయింది. లష్కర్ వాళ్లు ధర్పల్లి వెళ్లిపోయారని తెలిసింది. ఫ్యాక్టరీ కూత ఆగిపోయింది, మడ్డి వాసనా పోయింది. చెరకు తోటలున్న చోట వరి వచ్చింది. ఒక ఎండాకాలం కాలువకు సిమెంటు వేస్తూ గట్టు వెడల్పు చేశారని, తూము పక్క ఇల్లూ దాని వెనక ఉన్న చెట్లూ లేవని నాన్న చూసొచ్చి చెప్పాడు. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తవ్వారా, మట్టి పోశారా అని అడిగింది. పోశారంతే అన్నాడు నాన్న. ఆయన దగ్గరికి వెళ్లి చూడలేదని గొంతులోనే తెలిసిపోయింది. అమ్మ మళ్లీ ఏమీ అడగకుండా చేట దగ్గరికి లాక్కుంది.

అమ్మ ఇక్కడే, నిజామాబాద్‌లోనే పోయింది. చివరి రోజుల్లో జ్ఞాపకం సరిగా ఉండేది కాదు. నన్ను నాయనమ్మ అనుకునేది, తమ్ముణ్ని ఎవరబ్బాయివి అని అడిగేది. కానీ బోధన్ వైపు నుంచి ఎవరొచ్చినా మంచినీళ్లు ఇవ్వకముందే ఒక మాట అడిగేది, కాలువకు నీళ్లొదిలారా అని. ముసలావిడకు ఇంకా వ్యవసాయం మీద ధ్యాస పోలేదని వాళ్లు నవ్వి, నాట్ల సంగతులు, పంట సంగతులు చెప్పేవాళ్లు. ఎవరైనా వదిలారని చెప్పి వెళ్లిపోతే, ఆ రాత్రి అమ్మకు నిద్ర పట్టేది కాదు.